వీఆర్ ఫోటో వ్యూయర్ డైరీ: అడక్కుండా చూపించే ప్లేయర్ కోసం

ఎందుకు మొదలుపెట్టానంటే

నా హార్డ్ డిస్క్‌లో "తర్వాత చూద్దాం" అని ఒక ఫోల్డర్ ఉంది. ఏళ్ళ తరబడి దొరికిందల్లా అందులో పడేస్తూ వచ్చాను. 360 కెమెరాతో తీసిన ఫోటోలు, వీఆర్180 వీడియోలు (ముందున్న సగం ప్రపంచాన్ని రెండు కళ్ళకీ విడివిడిగా తీసినవి), పాత త్రీడీ కెమెరా తాలూకు ఎంపీఓ ఫైళ్ళు, కార్డ్‌బోర్డ్ కెమెరా యాప్ పెట్టుకుని ఫోన్‌ని గుండ్రంగా తిప్పుతూ తీసిన పనోరమాలు, ఈమధ్య ఐఫోన్‌తో తీసిన స్పేషియల్ (లోతు కనిపించే) వీడియోలు, ఇవి కాక బోలెడన్ని మామూలు ఫోటోలు. వీఆర్ హెడ్‌సెట్ పెట్టుకుని తీరిగ్గా చూద్దామంటే ప్రతి ప్లేయరూ ముందు నన్ను ప్రశ్నలు అడుగుతుంది. ఇది 180నా, 360నా? ఒక కంటికా, రెండు కళ్ళకా? రెండు బొమ్మలూ పక్కపక్కన ఉన్నాయా, ఒకదాని కింద ఒకటి ఉన్నాయా? తప్పు బటన్ నొక్కామా, కళ్ళు చెరో దిక్కుకీ లాగేసే దృశ్యం ఒకటి ముఖం మీదకొచ్చి కూర్చుంటుంది.

నాకు కావాల్సింది చిన్న విషయమే. ఫోల్డర్ తెరవాలి, కంట్రోలర్ స్టిక్ పక్కకి నెడుతూ పోవాలి, ఏ ఫైల్ ఎలా కనిపించాలో అలా కనిపించాలి. నన్ను ఏమీ అడగకూడదు.

హెడ్‌సెట్‌లో నేరుగా నడిచే నేటివ్ యాప్ రాసే ఓపిక లేదు. అలాంటి యాప్‌లకి ఉమ్మడి ప్రమాణమైన ఓపెన్‌ఎక్స్‌ఆర్ 2019లోనే 1.0 అయింది, వేగం కావాలంటే అదే సరైన దారి, కానీ నాకు కోడ్ మార్చిన వెంటనే హెడ్‌సెట్‌లో రిఫ్రెష్ కొట్టి చూసుకోవడం ముఖ్యం, అందుకని బ్రౌజర్‌లోనే వెబ్‌ఎక్స్‌ఆర్ (వెబ్ పేజీ నుంచి హెడ్‌సెట్‌ని వాడుకునే ఏర్పాటు), త్రీ జేఎస్ (త్రీడీ బొమ్మలు గీసే లైబ్రరీ) పెట్టుకున్నాను. ఇదే దారిలో వచ్చేవాళ్ళకి ఒక్క మాట: వెబ్‌ఎక్స్‌ఆర్ సురక్షితమైన కనెక్షన్ ఉంటేనే పని చేస్తుంది, హెచ్‌టీటీపీఎస్ అయినా ఉండాలి, లోకల్‌హోస్ట్ (ఆ పరికరంలోనే ఉన్న సర్వర్) అయినా అవ్వాలి. సర్టిఫికెట్లతో కుస్తీ పట్టక్కర్లేదు, యూఎస్‌బీ కేబుల్ పెట్టి ఏడీబీ (కంప్యూటర్ నుంచి హెడ్‌సెట్‌తో మాట్లాడే సాధనం) రివర్స్ కమాండ్‌తో పోర్ట్‌ని తిప్పేస్తే హెడ్‌సెట్‌లోని లోకల్‌హోస్ట్ నేరుగా మన కంప్యూటర్‌కి వచ్చేస్తుంది. నా దగ్గరున్న హెడ్‌సెట్ మెటా వాళ్ళ క్వెస్ట్ 3, కింద చెప్పే అంకెలన్నీ దానివే.

గోళం

ఈ భాగం కూర్చున్న పూటే అయిపోయింది. 360 ఫోటో అంటే ఈక్విరెక్టాంగ్యులర్ బొమ్మ, వెడల్పు ఎత్తుకి సరిగ్గా రెట్టింపు ఉంటుంది, అడ్డంగా 360 డిగ్రీలు, నిలువుగా 180. పెద్ద గోళం ఒకటి చేసి, బొమ్మని దాని లోపలి గోడకి అంటించి, మధ్యలో మనం నిలబడితే చాలు. లోపలి నుంచి చూస్తున్నాం కాబట్టి బోర్డుల మీద అక్షరాలు ఎడమ కుడి తారుమారవుతాయి, ఒక అక్షాన్ని మైనస్ 1తో గుణిస్తే సరిపోతుంది.

ఇక్కడ చూడాల్సింది గోళం ఎంత పెద్దదనేది. వ్యాసార్థం 2 మీటర్లు పెట్టి చూశాను. మనిషి రెండు కళ్ళ మధ్య సగటున 63 మిల్లీమీటర్ల ఎడం ఉంటుంది కదా, ఆ ఎడం వల్ల ఒక్కో కంటికీ గోడ కొంచెం వేరేగా కనిపిస్తుంది, ఇంకేముంది, ఇది రెండు మీటర్ల అవతలున్న గుమ్మటం అని మెదడు తేల్చేస్తుంది. కిలోమీటర్ల దూరంలోని కొండ కూడా ఆ గుమ్మటం మీద వేసిన పెయింటింగే. 500 మీటర్లకి పెంచాక కొండ వెనక్కి వెళ్ళింది. ఇది చాలదు, గోళం తలతో పాటే జరగాలి కూడా. తల తిప్పితే తిరగకూడదు, తల ముందుకి వంచితే మాత్రం వెంట రావాలి. ఫోటో తీసింది ఒక్క చోట నుంచి, మనం ముందుకి వంగినంత మాత్రాన అందులో కొత్తగా కనిపించేది ఏమీ ఉండదు.

స్టీరియోకి, అంటే ఒక్కో కంటికి వేరే బొమ్మ ఉన్నవాటికి, ఎడమ కంటికో గోళం, కుడి కంటికో గోళం. త్రీ జేఎస్‌లో లేయర్ 1 ఎడమ కంటికి, లేయర్ 2 కుడి కంటికి మాత్రమే కనిపిస్తాయి, ఆ ఏర్పాటు ముందే ఉంది. పరీక్షకి ఒక బొమ్మ చేసుకున్నాను: ఎడమ సగంలో ఎర్రగా "ఎడమ", కుడి సగంలో పచ్చగా "కుడి". ఒక కన్ను మూసి, తెరిచి చూస్తే తెలిసిపోతుంది. ఆ బొమ్మ ఈ ప్రాజెక్టులో నాకు ఏ డీబగ్గర్ కన్నా ఎక్కువ పని చేసిపెట్టింది.

మసక ఎక్కడి నుంచి వస్తోంది

360 వీడియో మొదటిసారి చూసిన ప్రతివాళ్ళూ అనే మాట "4కే అన్నావు, ఇంత మసకగా ఉందేంటి" అని. లెక్క వేస్తే అర్థమవుతుంది. 4కే అంటే అడ్డంగా 3840 పిక్సెళ్ళు, వాటిని 360 డిగ్రీలకి పంచితే డిగ్రీకి 11 కూడా రావు. 5.7కే కెమెరా అయితే 5760ని 360తో భాగించి 16. 8కే అయితే 21. క్వెస్ట్ 3 తెర మధ్యలో డిగ్రీకి 25 పిక్సెళ్ళ దాకా చూపించగలదు. అంటే 8కే 360 వీడియో కూడా తెర సత్తాకి తక్కువే. మంచి చూపున్న కన్ను డిగ్రీకి 60 దాకా పట్టుకుంటుందంటారు, ఆ గొడవలోకి ఇప్పుడు వెళ్ళను. వీఆర్180కి ఉన్న గొప్ప సుగుణం ఇదే. ఒక్కో కంటికి 3840 పిక్సెళ్ళుంటే అవన్నీ సగం ప్రపంచానికే ఖర్చవుతాయి, 360 మోనో (రెండు కళ్ళకీ ఒకే బొమ్మ) 8కేలో ఉన్నంత సాంద్రత ఉంటుంది, పైగా లోతు కూడా వస్తుంది. వెనకేముందో చూడటానికి ఎవరూ కుర్చీలో అన్నిసార్లు వెనక్కి తిరగరు.

సరే, ఫైల్‌లో లేని వివరం తేలేం. ఉన్నదాన్ని మాత్రం పోగొట్టుకోకూడదు. త్రీ జేఎస్ దారిలో బొమ్మ పిక్సెళ్ళని రెండుసార్లు కొత్తగా లెక్కగట్టి నమూనా తీయాల్సి వస్తుంది: ముందు గోళం మీద నుంచి కంటి బఫర్‌లోకి (ఒక్కో కంటికి గీసిపెట్టుకునే బొమ్మ), తర్వాత ఆ బఫర్‌ని లెన్స్ వంకరకి తగ్గట్టు సాగదీసేటప్పుడు మళ్ళీ. ప్రతిసారీ కొంచెం కొంచెం అంచులు కరుగుతాయి. దీనికి విరుగుడు కంపోజిటర్ లేయర్లు, అంటే చివర్లో తెర మీద బొమ్మ పెట్టే సిస్టమ్ భాగానికి నేరుగా ఇచ్చే పొరలు. "ఇదిగో వీడియో, ఇది ఈక్విరెక్ట్, ఇంత కోణం, పక్కపక్కన స్టీరియో" అని చెప్పి బొమ్మని నేరుగా సిస్టమ్ చేతిలో పెట్టేస్తే అది ఒక్కసారే నమూనా తీసి తెర మీద పెడుతుంది. వెబ్‌ఎక్స్‌ఆర్‌లో దీనికి ఎక్స్‌ఆర్ మీడియా బైండింగ్ ఉంది, వీడియో ఎలిమెంట్ ఇస్తే లేయర్ తయారుచేసి ఇస్తుంది. 180కి అడ్డకోణం π, 360కి 2π (రేడియన్లలో), అంతే. ఎడమ కుడి మార్చే ఇన్వర్ట్ స్టీరియో అనే ఆప్షన్ కూడా అందులోనే ఉంది, దాని అవసరం కిందకి వస్తే తెలుస్తుంది.

తేడా ఎంతంటే, అదే వీడియో, అదే ఫ్రేమ్, దూరంగా ఉన్న దుకాణం బోర్డు మీది అక్షరాలు గోళం దారిలో చదవలేకపోయాను, లేయర్ దారిలో చదివాను. అందుకని వీడియోలన్నీ లేయర్లలోకి మార్చేశాను. ఫోటోలకి ఇంకా రెండు దారులూ ఉంచాను, లేయర్లు లేని బ్రౌజర్లు కూడా ఉన్నాయి కాబట్టి.

గోళం దారిలో ఇంకో చిక్కు. కోణాన్ని షేడర్‌లో (ఒక్కో పిక్సెల్ రంగు తేల్చే జీపీయూ కోడ్) లెక్కపెడితే వీపు వెనక నిలువునా ఒక పిక్సెల్ వెడల్పున సన్నటి గీత కనిపిస్తుంది. ఆ చోట అడ్డ నిర్దేశాంకం 1 నుంచి ఒక్కసారిగా 0కి దూకుతుంది, ఇక్కడ బొమ్మ చాలా కుంచించుకుపోతోందని జీపీయూ అనుకుని అన్నిటికన్నా చిన్న మిప్‌మ్యాప్ (బొమ్మకి ముందే చేసిపెట్టుకున్న కుదించిన కాపీ) తీసుకుంటుంది, అది దాదాపు బొమ్మ మొత్తం సగటు రంగు. ఏ మిప్ స్థాయి కావాలో మనమే లెక్కకట్టి ఇస్తే గీత పోతుంది. మిప్‌మ్యాప్‌లు తీసేయమని సలహా ఇచ్చేవాళ్ళున్నారు, తీసేస్తే గీత పోతుంది కానీ చెట్ల ఆకులన్నీ తల కదిపినప్పుడల్లా మిణుకు మిణుకుమంటాయి.

ఫైల్ ఏంటో కనిపెట్టడం

అసలు పని ఇది. ఇప్పటిదాకా రాసిందంతా పుస్తకాల్లో ఉన్నదే, దీనికి మాత్రం ఎక్కువ రోజులు పట్టింది, ఇంకా పడుతోంది.

మొదట మెటాడేటా, అంటే ఫైల్ లోపల దాని గురించి రాసి ఉండే వివరాలు. ఫోటోల్లో ఎక్స్‌ఎంపీ అనే భాగం లోపల జీపానో అనే పేరుతో కొన్ని వివరాలుంటాయి: ప్రొజెక్షన్ ఏంటి, పూర్తి పనోరమా వెడల్పు ఎంత, అందులో ఈ ఫోటోలో ఉన్న ముక్క ఎక్కడ మొదలవుతుంది, తీసినప్పుడు కెమెరా ఎటు చూస్తోంది, ఎంత వంగి ఉంది. వీడియోల్లో అయితే ఎంపీ4 లోపల ఎస్‌టీ3డీ, ఎస్‌వీ3డీ అని రెండు పెట్టెలు. మొదటిదానిలో స్టీరియో సంగతి, 0 అంటే మోనో, 1 అంటే పైనా కిందా, 2 అంటే పక్కపక్కన. రెండోదానిలో ప్రొజెక్షన్. ఇవి ఉన్న ఫైలైతే తల నొప్పే లేదు.

కార్డ్‌బోర్డ్ కెమెరా ఫైళ్ళు భలే తమాషా. మామూలు జేపెగ్ లాగే తెరుచుకుంటుంది, ఎడమ కంటి బొమ్మ కనిపిస్తుంది. కుడి కంటి బొమ్మ మెటాడేటాలో బేస్64 (బైట్లని మామూలు అక్షరాలుగా రాసే పద్ధతి) అక్షరాలుగా దాక్కుని ఉంటుంది, మొత్తం ఇంకో జేపెగ్! జేపెగ్‌లో ఒక్కో సెగ్మెంట్ 64 కేబీ దాటకూడదు కాబట్టి అది ముక్కలు ముక్కలుగా ఉంటుంది, ఒక్కో ముక్కకీ ముందు గుర్తింపు సంఖ్య, మొత్తం పొడవు, తన స్థానం. అన్నీ ఏరి, వరసలో అతికి, బేస్64 విప్పితే కుడి కన్ను బయటికొస్తుంది. ఎడిటర్లో తెరిచి సేవ్ కొట్టిన ఫైళ్ళలో చాలావాటికి ఆ కన్ను పోయింది, దానికి మందు లేదు. ఎంపీఓ దీంతో పోలిస్తే చాలా సుఖం, రెండు జేపెగ్‌లు ఒకే ఫైల్‌లో ఒకదాని వెనక ఒకటి, ఎక్కడెక్కడున్నాయో ముందే సూచిక ఉంటుంది.

మెటాడేటా లేకపోతే పేరు చూస్తాను. పేరులో 180 ఉందా, 360 ఉందా, ఎల్‌ఆర్ అనో ఎస్‌బీఎస్ అనో (పక్కపక్కన) ఉందా, టీబీ అనో ఓయూ అనో (పైనా కిందా) ఉందా. ఎవరూ చట్టం చేయకపోయినా ప్లేయర్లన్నీ దాదాపు ఇవే పాటిస్తున్నాయి. కాకపోతే సెలవు ఫోటో పేరులో వరస సంఖ్య 360 అయిందంటే పాపం అది గోళమెక్కుతుంది. అందుకని పేరుని సాక్ష్యంగా తీసుకుంటున్నాను గానీ తీర్పుగా తీసుకోవట్లేదు.

పేరు కూడా ఏమీ చెప్పకపోతే? మెసేజింగ్ యాప్‌ల గుండా వచ్చిన ఫైళ్ళకి పేరూ ఉండదు, మెటాడేటా కూడా ఉండదు. కొలతలు చూద్దామంటే 2:1 బొమ్మ మోనో 360 కావచ్చు, పక్కపక్కన పెట్టిన వీఆర్180 కావచ్చు (ఒక్కో కన్ను 1:1, రెండు కలిపితే 2:1), ఎవరో కత్తిరించిన మామూలు ఫోటో కూడా కావచ్చు. 1:1 బొమ్మ అయితే పైనా కిందా పెట్టిన 360 స్టీరియో, లేదా ఒంటి కంటి 180, లేదా చతురస్రం ఫోటో. కొలతలు చూసి ఏమీ తేలదు.

ఇక పిక్సెళ్ళనే అడగాలి. బొమ్మని 256×128కి కుదించి, రంగు తీసేసి, ఈ ప్రశ్నలు వేస్తున్నాను.

ఎడమ సగం, కుడి సగం ఒకేలా ఉన్నాయా? స్టీరియో అయితే రెండూ ఒకే దృశ్యం, కొంచెం పక్కకి జరిగి ఉంటుంది, అందుకని కొన్ని పిక్సెళ్ళు అటూ ఇటూ జరిపి చూసి, ఎక్కడ బాగా కుదిరిందో ఆ మార్కు తీసుకుంటాను.

మొదటి నిలువు వరస, చివరి నిలువు వరస కలుస్తాయా? 360లో కలవాలి, ఎందుకంటే అక్కడ గోళం మూసుకుంటుంది. ఎంత తేడా ఉంటే కలిసినట్టు అనేదానికి గట్టి అంకె పెట్టలేదు, అదే బొమ్మలో పక్కపక్కనున్న ఏ రెండు వరసల మధ్యనైనా మామూలుగా ఎంత తేడా ఉందో దానితో పోలుస్తాను. ఆకులతో నిండిన అడవికీ ఖాళీ గోడకీ ఒకే కొలబద్ద పనికిరాదు.

సరిగ్గా నడిమధ్యలో కోత ఉందా? ఇది బాగా పట్టిస్తుంది. పక్కపక్కన పెట్టిన 180లో మధ్య గీతకి ఒక వైపు ఎడమ కంటి కుడి అంచు, ఇంకో వైపు కుడి కంటి ఎడమ అంచు. ఒకటి +90 డిగ్రీల దగ్గరది, ఇంకోటి -90 దగ్గరది, వాటికీ వీటికీ సంబంధమే లేదు. మోనో 360లో అదే చోట దృశ్యం ఏ ఆటంకం లేకుండా సాగిపోతుంది.

పై వరస అంతా ఒకే రంగా? ఈక్విరెక్టాంగ్యులర్‌లో అన్నిటికన్నా పై వరస నిజానికి ఆకాశంలో ఒకే ఒక్క బిందువు, దాన్ని వెడల్పంతా సాగదీశారు. కాబట్టి ఆ వరసలో పిక్సెళ్ళన్నీ దాదాపు ఒకేలా ఉండాలి. పైనా కిందా పెట్టిన స్టీరియోలో ఇలాంటి వరస నడిమధ్యలో కూడా వస్తుంది, ఒక బొమ్మ నేల ముగిసి ఇంకో బొమ్మ ఆకాశం మొదలయ్యే చోట. దీంతో 1:1 చిక్కు చాలావరకు తీరింది.

ఇవన్నీ కలిపి మార్కులు వేస్తే నా ఫోల్డర్లో దాదాపు అన్నీ సరిగ్గా పడుతున్నాయి. పడనివి ఎలాంటివంటే, నడి సముద్రంలో పడవ మీద నుంచి తీసిన 360. ఎటు చూసినా నీళ్ళూ ఆకాశమే, రెండు సగాలూ ఒకేలా ఉన్నాయి, అంచులూ కలుస్తున్నాయి, మధ్యలో కోత లేదు. సూర్యుడు ఒక్కడే కనిపిస్తే 360, ఇద్దరు కనిపిస్తే స్టీరియో అని మనిషి చిటికెలో చెప్పేస్తాడు, నిజానికి అంచులూ మధ్య కోత చూస్తే నా మార్కులు కూడా 360 వైపే కొంచెం మొగ్గాయి, కానీ ధీమాగా చెప్పేంత కాదు. వీడియోలకి ఒక్క ఫ్రేమ్ చూస్తే చాలదు, మొదట్లో నల్ల తెరో టైటిలో ఉంటుంది, అందుకని వీడియో పొడవునా అక్కడక్కడా తీసిన ఫ్రేముల మార్కులు కలుపుతున్నాను.

ధీమా లేనప్పుడు ఏం చేయాలి అన్నదానికి ఒక నిర్ణయానికొచ్చాను: మామూలు ఫోటోలాగా చదునుగా చూపించేయాలి. స్టీరియో బొమ్మని చదునుగా చూపిస్తే ఒకే దృశ్యం రెండుసార్లు కనిపిస్తుంది, ఎవరికీ ఏమీ కాదు. మోనోని స్టీరియో అనుకుని చూపిస్తే మాత్రం కళ్ళు నిజంగా నొప్పెడతాయి. అక్కడ కంట్రోలర్ మీద ఒక బటన్ ఇచ్చాను, నొక్కుతుంటే తర్వాతి అవకాశం, ఆ తర్వాతది వస్తుంటాయి, ఆగిన చోటుని ఆ ఫైల్ పేరు, సైజుతో సహా బ్రౌజర్ లోపలి డేటాబేస్ ఇండెక్స్‌డ్‌డీబీలో రాసేస్తుంది. మళ్ళీ ఆ ఫైల్ తెరిస్తే అడగదు.

ఎడమ కన్ను, కుడి కన్ను తారుమారైతే

మా తమ్ముడికి హెడ్‌సెట్ పెట్టి పాత స్టీరియో ఫోటో ఒకటి చూపించాను. కాసేపు చూసి, "అన్నా, ఈ చెట్టేంటి, కొండలో చెట్టు ఆకారంలో కన్నం పెట్టినట్టుంది" అన్నాడు. ఇంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరు. రెండు బొమ్మలూ తారుమారైతే దగ్గరవి దూరంగా, దూరానివి దగ్గరగా వస్తాయి, కానీ చెట్టు కొండకి అడ్డంగానే ఉంటుంది, మెదడు ఈ రెంటినీ కలపలేక అది కన్నం అని సర్దుకుంటుంది. తెర మీద మెల్లకన్ను పెట్టి చూసుకోవడానికి తయారుచేసిన ఫోటోల్లో కుడి బొమ్మ ఎడమ వైపు ఉంటుంది, జేపీఎస్ ఫైళ్ళలో (పక్కపక్కన పెట్టిన స్టీరియో జేపెగ్‌లు) ఇది మామూలే.

దీన్ని కూడా కనిపెట్టొచ్చు. దగ్గరున్న వస్తువు ఎడమ కంటికి కాస్త కుడి వైపుకి, కుడి కంటికి కాస్త ఎడమ వైపుకి జరిగి కనిపిస్తుంది. ఫోటోల్లో కింది భాగం ఎక్కువగా మన కాళ్ళ దగ్గరి నేల, మధ్య భాగం దూరం. కింది పట్టీ ఎంత జరిగిందో, మధ్య పట్టీ ఎంత జరిగిందో విడివిడిగా కొలిచి, మధ్య దానితో పోలిస్తే నేల ఎటు జరిగిందో చూస్తాను. నేల కొండ కన్నా దూరంగా ఉందని లెక్క తేలితే కళ్ళు తారుమారైనట్టే, ఇన్వర్ట్ స్టీరియో పెట్టేస్తాను. మేడ మీద పిట్టగోడ పట్టుకుని కిందికి తీసినవీ, నీళ్ళలో తీసినవీ దీనికి లొంగవు. వాటికి ఆ బటనే గతి.

పెద్ద ఫోటో తెరిచినప్పటి కుదుపు

8192×4096 ఫోటో డిస్క్ మీద ఎంత చిన్నదైనా జీపీయూలోకి వెళ్ళేసరికి ఒక్కో పిక్సెల్‌కి 4 బైట్ల చొప్పున 128 ఎంబీ, మిప్‌మ్యాప్‌లు కలిపితే ఇంకో మూడో వంతు. స్టీరియో అయితే రెండింతలు. మామూలు తెర మీద అరసెకను ఆగితే ఎవరూ పట్టించుకోరు. హెడ్‌సెట్‌లో 90 హెర్ట్జ్ దగ్గర ఒక్కో ఫ్రేమ్‌కి 11 మిల్లీసెకన్లే గడువు, అది దాటి ఆగితే లోకం కుదుపుగా కదులుతుంది, కడుపులో తిప్పుతుంది.

డీకోడ్ చేసే పని బ్రౌజర్‌లోని క్రియేట్ ఇమేజ్ బిట్‌మ్యాప్ ఫంక్షన్‌కి ఇస్తే పక్కన చేసుకుంటుంది. (బొమ్మని తలకిందులు చేయడం కూడా అక్కడే చెప్పాలి, వెబ్‌జీఎల్ (బ్రౌజర్‌లో జీపీయూని వాడుకునే దారి) ఫ్లిప్ సెట్టింగ్ బిట్‌మ్యాప్‌లకి వర్తించదు.) మిగిలింది జీపీయూకి ఎక్కించడం. ఒకేసారి ఎక్కిస్తే కుదుపు తప్పదు. అందుకని ముందు ఖాళీ టెక్స్చర్ (జీపీయూలో బొమ్మ ఉండే చోటు) చేసుకుని, 256 వరసల పట్టీలుగా, ఫ్రేమ్‌కి ఒక పట్టీ చొప్పున ఎక్కిస్తున్నాను, ఒక్కో పట్టీ 8 ఎంబీ, మొత్తం 16 ఫ్రేములు. ఈ లోపు పాత ఫోటోనే కనిపిస్తూ ఉంటుంది, అంతా ఎక్కాక చిన్నగా చీకటి చేసి మార్చేస్తాను. ఇప్పుడు కుదుపు తెలియట్లేదు. తర్వాతి ఫోటోని ముందే తెచ్చిపెట్టుకోవడం కూడా పెట్టాను, మెమరీ చాలక బ్రౌజర్ ట్యాబ్‌ని చంపేస్తుంటే దాన్ని ఒక్క ఫోటోకే పరిమితం చేశాను.

వీడియో, శబ్దం

సెకనుకి 30 ఫ్రేముల వీడియోని 72 హెర్ట్జ్ తెర మీద ఆడిస్తే ఒక్కో ఫ్రేమ్ 2.4 సార్లు కనిపించాలి. 2.4 సార్లు కుదరదు కదా, కొన్ని రెండుసార్లు, కొన్ని మూడుసార్లు. నడుస్తున్న మనిషి గతుకుల మీద నడిచినట్టుంటాడు. తల తిప్పడం మాత్రం నునుపుగానే ఉంటుంది, ఎందుకంటే అది తెర వేగంతో సాగుతుంది, గతుకు బొమ్మలోనే. 90 హెర్ట్జ్‌లో పెడితే 30 మూడేసి సార్లు సరిగ్గా పడుతుంది, 24 ఫ్రేములవి 72లో మూడేసి సార్లు, 60వి 120లో రెండేసి సార్లు. హెడ్‌సెట్ ఏయే వేగాలు ఇస్తుందో వెబ్‌ఎక్స్‌ఆర్ సెషన్ చెబుతుంది, మార్చమని కూడా అడగొచ్చు. వీడియో అసలు వేగాన్ని కొన్ని ఫ్రేములు ఆడించి, వాటి సమయాలు చూసి కొలుచుకుంటున్నాను. పది పదిహేను లైన్ల కోడ్, కానీ చూసినవాళ్ళందరూ మొదట గమనించింది ఇదే.

శబ్దం సంగతి ఇంకా సగంలో ఉంది. కొన్ని 360 వీడియోల్లో నాలుగు ఛానెళ్ళ ఆంబిసోనిక్ (అన్ని దిక్కుల నుంచీ పట్టుకున్న) శబ్దం ఉంటుంది, ఎంపీ4లో ఎస్‌ఏ3డీ అనే పెట్టె ఉంటే అదే గుర్తు. మామూలుగా ఆడిస్తే నాలుగు స్పీకర్ల శబ్దమనుకుని కలిపేస్తుంది, అర్థం లేకుండా వినిపిస్తుంది. ఆమ్నిటోన్ లైబ్రరీకి తల తిరిగిన కోణం ఇస్తే అది తగ్గట్టు తిప్పుతుంది. వెనక నుంచి పిలిచిన గొంతు, అటు తిరిగితే ముందుకి వస్తోంది. శబ్దం పైనుంచా, కిందనుంచా అన్న తేడా మాత్రం నా చెవులకి అంతగా తెలియట్లేదు.

మెనూ, ఇంకా కడుపులో తిప్పకుండా ఉండటం

స్టీరియో ఫోటోలో చేతికందే దూరంలో ఒక మనిషి ఉన్నాడనుకోండి. మెనూ ఒకటిన్నర మీటర్ల దూరంలో పెట్టాను. లెక్క ప్రకారం మెనూ మనిషి వెనక ఉండాలి, కానీ అది అతని మీద గీసి ఉంది. చదవబోతే కళ్ళు పీకుతాయి. మెనూని ఇంకా దగ్గరికి తేవడం దారి కాదు, అంత దగ్గర చదవడమే కష్టం. మెనూ తెరిచినప్పుడు వెనకున్న బొమ్మని మోనోగా మార్చి, బాగా చీకటి చేసేశాను. లోతు లేని బొమ్మ దూరంగా వెళ్ళిపోతుంది, గొడవ ఉండదు.

అక్షరాల ఎత్తు కనీసం ఒక డిగ్రీ ఉండేలా చూసుకున్నాను. ఒత్తులూ గుణింతాలూ ఉన్న తెలుగు ఫైల్ పేర్లకి అదీ చాలదు, ఒకటిన్నర చేశాను. త్రీడీలో అక్షరాలు గీసే లైబ్రరీలు కొన్ని ఒత్తుని విడదీసి పక్కన పడేస్తున్నాయి, అందుకే పేర్లన్నీ మామూలు టూడీ కాన్వాస్ మీద బ్రౌజర్‌తోనే రాయించి టెక్స్చర్‌గా వాడుతున్నాను.

స్టిక్‌తో తిప్పడం నునుపుగా పెడితే కడుపులో తిప్పుతుంది, అందుకని 30 డిగ్రీల చొప్పున టక్కున తిరిగేలా పెట్టాను. 360లో జూమ్ ఇవ్వలేదు, ఇవ్వను. జూమ్ చేస్తే తల ఒక డిగ్రీ తిప్పినప్పుడు లోకం రెండు డిగ్రీలు తిరుగుతుంది, ఇంతకన్నా వేగంగా మనిషిని పడగొట్టే మార్గం లేదు. పడుకుని చూసేవాళ్ళకి మాత్రం దృశ్యాన్ని పైకి ఎత్తే బటన్ ఉంది. నేనూ ఆ బాపతే.

మామూలు ఫోటోలు

వీటి గురించి పెద్దగా రాయాలనుకోలేదు, కానీ చివరికి నాకు బాగా నచ్చింది ఇదే. ఫోటో ఎగ్జిఫ్‌లో (కెమెరా ఫైల్‌లో రాసిపెట్టే వివరాలు) 35 ఎంఎం కెమెరా లెక్కలో ఫోకల్ లెంగ్త్ ఉంటుంది. 26 ఎంఎం ఫోన్ కెమెరా అయితే ఆ ఫోటో అడ్డంగా దాదాపు 67 డిగ్రీల లోకాన్ని పట్టుకుందన్నమాట. దాన్ని అదే 67 డిగ్రీలకి సరిపోయే సైజులో వంపు తెర మీద చూపిస్తే, తీసినవాళ్ళు నిలబడిన చోట మనం నిలబడినట్టవుతుంది. మనుషులు మనుషులంత ఉంటారు. 4032 పిక్సెళ్ళు 67 డిగ్రీల్లో అంటే డిగ్రీకి 60, తెర కన్నా ఎంతో నయం, కాబట్టి పదును కూడా అదిరిపోతుంది. లోతు లేకపోయినా ఎవరూ అడగట్లేదు. ఎగ్జిఫ్ లేని ఫోటోలకి 50 డిగ్రీలు పెట్టి ఊరుకున్నాను.

ఇంకా మిగిలింది

ఐఫోన్ స్పేషియల్ వీడియోలు. ఐఫోన్ 15 ప్రోతో మొదలై, 2023 డిసెంబర్‌లో ఐఓఎస్ 17.2తో వచ్చిన ఇవి ఎంవీ-హెచ్‌ఈవీసీ అనే వీడియో ఫార్మాట్‌లో ఉంటాయి. ఒక కంటి వీడియో మామూలుగా ఉంటుంది, రెండో కంటిది దానికన్నా ఎంత వేరుగా ఉందో అంతవరకే ఇంకో పొరలో ఉంటుంది. మామూలు ప్లేయర్ మొదటి పొర ఆడించి ఊరుకుంటుంది, నా బ్రౌజర్ కూడా అంతే, రెండో పొర ఉందని కూడా చెప్పదు. ప్రస్తుతానికి కంప్యూటర్లో మారుస్తున్నాను. వీడియోలు మార్చే సాధనం ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ 7.1 నుంచి ఈ రెండో పొరని కూడా చదువుతోంది, రెంటినీ తీసి పక్కపక్కన పెట్టి మామూలు హెచ్‌ఈవీసీగా రాయిస్తే నా వ్యూయర్లో ఆడుతుంది. లెన్సుల మధ్య ఎడం కళ్ళ మధ్య ఎడం కన్నా చాలా తక్కువ కాబట్టి లోతు పలచగా ఉంటుంది, దగ్గరగా తీసినవి మాత్రం బాగున్నాయి. ఇలా మార్చేటప్పుడు దృశ్యకోణం వివరం పోతోంది, దాన్ని ఫైల్ పేరు చివర్లో రాసేలా స్క్రిప్ట్ మార్చాలి. ఆ తర్వాత ఫిష్‌ఐ (బాగా వెడల్పు కోణం పట్టే లెన్స్) ఫైళ్ళు: రెండు గుండ్రటి బొమ్మలూ నల్లటి మూలలూ ఉంటే ఫిష్‌ఐ అని పట్టుకోవడం ఇప్పటికే పని చేస్తోంది, లెన్స్ కోణం 180నా, 190నా, 200నా అన్నది మాత్రం పిక్సెళ్ళు చూసి తేల్చలేకపోతున్నాను, ఇంకో బటన్ పెట్టక తప్పేలా లేదు.